ఒకే లెక్క, పది కిటికీలు



ప్రతి ఏడాదీ ఈ నివేదిక పుస్తకంలో పొదుపులు, అప్పులు, వసూళ్ళు, శిక్షణలు అన్నీ చూసుకున్నాక చివర్లో ఒక చరిత్ర వ్యాసం వేసుకోవడం మనకి అలవాటు. ఈసారి కార్యవర్గం నాకు ఇచ్చిన విషయం ఆన్‌లైన్ షాపును మిగతా వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్లతో కలపడం. వినగానే ఇదేదో పట్నం ఆఫీసుల గొడవ అనిపిస్తుంది. కానీ ఈ మహాసభ ముందుకి వచ్చే తీర్మానాల్లో ఒకటి సరిగ్గా దీని గురించే. మన పచ్చళ్ళు, పొడులు, చిరుధాన్యాల సరుకులు ఆన్‌లైన్‌లో అమ్మే పని మొత్తం, లెక్కలతో సహా, ఒక బయటి ఏజెన్సీకి అప్పగించాలా, లేక షాపు ఎవరిదైనా లెక్క మన దగ్గరే ఉంచుకోవాలా అన్నది మనం తేల్చుకోవాలి. తేల్చుకునే ముందు ఈ పని ఎక్కడ పుట్టి ఎట్లా పెరిగిందో తెలిస్తే మంచిదని ఇది రాస్తున్నాను. నేను చదివింది పదో తరగతే కాబట్టి మాటలు మనం వాడుకునేవే వాడతాను.

అసలు చిక్కు ఎక్కడుంది

ఒక సభ్యురాలు 500 రూపాయలు వాయిదా కట్టిందనుకోండి. ఆ ఒక్క 500 ఎన్ని చోట్ల ఎక్కుతుంది? ఆమె పాస్ పుస్తకంలో, సంఘం నగదు పుస్తకంలో, అప్పుల లెడ్జరులో ఎక్కుతుంది. సంఘం ఆ డబ్బు పైకి కడితే గ్రామ సంఘం పుస్తకంలో కూడా ఎక్కుతుంది. ఒక్కచోట మర్చిపోయినా నెలాఖరున లెక్క తేలదు. రాత్రి ఎనిమిదింటిదాకా కూర్చుని వెతికిన బుక్ కీపర్లని అడిగితే చెబుతారు ఆ బాధ.

సరుకు అమ్మకం కూడా ఇంతే. ఎవరో హైదరాబాదు నుంచి రెండు సీసాల గోంగూర పచ్చడి కావాలని ఫోనులో నొక్కితే, ఆ ఒక్క నొక్కు నాలుగు పుస్తకాల్లో పడాలి. స్టాకు రిజిస్టరులో రెండు సీసాలు తగ్గాలి. బిల్లు తయారవ్వాలి. పార్శిల్ పుస్తకంలో చిరునామా ఎక్కాలి. డబ్బు వచ్చినప్పుడు నగదు పుస్తకంలో జమ అవ్వాలి. ఆన్‌లైన్ షాపు అంటే ముందు కనబడే కిటికీ మాత్రమే. దాని వెనకాల ఈ నాలుగు పుస్తకాలూ ఉంటాయి. కిటికీకీ పుస్తకాలకీ మధ్య దారి వేయడాన్నే ఇప్పుడు ఇంటిగ్రేషన్ అంటున్నారు. ఈ దారి వేయడానికి లోకం చాలా ఏళ్ళే కష్టపడింది.

బెర్లిన్‌లో మొదలైన నమూనా కాగితం

1948 జూన్‌లో సోవియట్ సైన్యం పశ్చిమ బెర్లిన్ నగరానికి రోడ్లు, రైళ్ళు, కాలువలు అన్నీ మూసేసింది. అమెరికా, బ్రిటన్ దేశాలు తిండి గింజలు, బొగ్గు, మందులు విమానాల్లో మోశాయి. 1949 సెప్టెంబరు దాకా 2 లక్షల 78 వేల సార్లు విమానాలు తిరిగి, దాదాపు 23 లక్షల టన్నుల సరుకు దించాయి. ఒక్కో విమానంతో ఒక్కో రకం కాగితం వచ్చేది. వాటిలో భాషలు వేరు, వరసలు వేరు. ఏ విమానంలో ఏముందో తెలుసుకోవడానికే పొద్దు గడిచిపోయేది.

అప్పుడు అమెరికా సైన్యంలో పనిచేసే ఎడ్వర్డ్ గిల్బర్ట్ అనే ఆయన, తోటివాళ్ళతో కలిసి అందరికీ ఒకే నమూనా పట్టీ తయారు చేశాడు. ఏ వివరం ఏ గడిలో రాయాలో ముందే ఖాయం. ఆ పట్టీని టెలెక్స్ మీదైనా, రేడియో మీదైనా, ఫోనులో చదివైనా పంపొచ్చు. తర్వాత రోజుల్లో ఒక కంపెనీ కంప్యూటరు నుంచి ఇంకో కంపెనీ కంప్యూటరుకు ఆర్డర్లు, బిల్లులు నేరుగా పంపే పద్ధతికి ఈ ఆలోచనే పునాది అయింది. ఆ పద్ధతిని ఈడీఐ అంటారు. అమెరికాలో దీనికి ఉమ్మడి నమూనాలు రాయడానికి 1979లో ఒక సంఘం ఏర్పడింది. 1987లో ఐక్యరాజ్యసమితి తరఫున అన్ని దేశాలకీ పనికొచ్చే నమూనా వచ్చింది.

ఇందులో మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. వైరు, కంప్యూటరు తర్వాత వచ్చాయి. ముందు నమూనా కాగితం మీద ఒప్పందం కుదిరింది. మన సంఘాలన్నీ ఒకే రకం తీర్మానం పుస్తకం, ఒకే రకం నగదు పుస్తకం వాడటం మొదలుపెట్టాకే కదా మండల స్థాయిలో లెక్కలు కూడటం సాధ్యమైంది.

ప్రతి వస్తువుకీ ఒక నెంబరు

రెండో మెట్టు, వస్తువు పేరు. మన స్టాకు రిజిస్టరు తీసి చూడండి. ఒకరు "గోంగూర అరకిలో" అని రాస్తారు. ఇంకొకరు "గోంగూర పచ్చడి 500 గ్రా." అని, మరొకరు "నిల్వ గోంగూర, పెద్ద సీసా" అని రాస్తారు. మనకి ఈ మూడూ ఒకటే అని తెలుసు. కంప్యూటరుకి అవి మూడు వేరే వేరే వస్తువులు.

ఈ చిక్కుకి అమెరికాలో కనిపెట్టిన మందే బార్‌కోడ్. నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్, బెర్నార్డ్ సిల్వర్ అనే ఇద్దరు స్నేహితులకి 1952లోనే దాని మీద పేటెంటు వచ్చింది. వుడ్‌లాండ్ సముద్రం ఒడ్డున ఇసకలో వేళ్ళతో గీతలు గీస్తుంటే ఆ ఆలోచన తట్టిందని చెప్పుకున్నాడు. కానీ దుకాణాలన్నీ ఒకే గీతల పద్ధతికి ఒప్పుకోవడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్ళో, మార్ష్ అనే సూపర్ మార్కెట్లో ఒక చూయింగ్ గమ్ పొట్లాం మీద మొదటిసారి ఆ గీతల్ని మిషను చదివింది. దాని ధర 67 సెంట్లు.

మన దేశంలో జీఎస్1 ఇండియా అనే సంస్థ ద్వారా తీసుకునే బార్‌కోడ్ నెంబర్లు 890తో మొదలవుతాయి. 890 ఉంటే అది మన దేశంలో తయారైన సరుకని కొందరు అనుకుంటారు. ఆ నెంబరు ఇక్కడ తీసుకున్నారని మాత్రమే దాని అర్థం. అరకిలో సీసాకి ఒక నెంబరు, పావుకిలో సీసాకి ఇంకో నెంబరు ఉండాలి. రుచి మారితే నెంబరు మారాలి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, షాపునీ స్టాకునీ కలిపే దారిలో సగం ఇక్కడే ఉంది.

లెక్కల పుస్తకం కంప్యూటరెక్కింది

1972లో జర్మనీలో ఐదుగురు ఇంజనీర్లు ఐబీఎం కంపెనీ వదిలి బయటికొచ్చి శాప్ అనే కంపెనీ పెట్టుకున్నారు. వాళ్ళ మొదటి ఖాతాదారు ఒక నైలాన్ ఫ్యాక్టరీ. అప్పటికి కంపెనీల్లో గోడౌను వాళ్ళ లెక్క వేరు, బిల్లుల వాళ్ళ లెక్క వేరు. ఒకచోట రాసింది ఇంకోచోట మళ్ళీ రాసుకోవాలి. ఒకసారి ఎక్కించిన వివరం అన్ని విభాగాలకీ అప్పటికప్పుడే కనబడాలన్నది వీళ్ళ పట్టుదల. ఇట్లా కంపెనీ అంతటికీ ఒకే లెక్క నడిపే సాఫ్ట్‌వేర్లని 1990 నుంచి ఈఆర్‌పీ అంటున్నారు.

మన దేశంలో చిన్న వ్యాపారులకి తెలిసిన పేరు ట్యాలీ. బెంగళూరులో శ్యాం సుందర్ గోయెంకా మిల్లులకి ముడిసరుకు, మిషను భాగాలు అమ్మే వ్యాపారం చేసేవారు. తన లెక్కలకి సరిపోయే సాఫ్ట్‌వేరు దొరక్క, కొడుకు భరత్ గోయెంకాని రాయమన్నారు. 1986లో అట్లా మొదలైంది. అప్పటి సాఫ్ట్‌వేర్లలో ప్రతి ఖాతాకీ ఒక కోడు గుర్తుపెట్టుకోవాలి. ట్యాలీలో మామూలు పేర్లతోనే రాసుకోవచ్చు. అందుకే ఊరూరా గుమాస్తాలు నేర్చుకోగలిగారు. భరత్ గోయెంకాకి 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

ఇంట్లో కూర్చుని ఆర్డరిచ్చిన ముసలమ్మ

ఇక కిటికీ సంగతి. ఇంగ్లండులో మైకేల్ ఆల్డ్రిచ్ అనే ఆయన 1979లో ఒక పని చేశాడు. మామూలు ఇంటి టీవీని కొంచెం మార్చి, టెలిఫోను తీగతో వ్యాపారం నడిపే కంప్యూటరుకి కలిపాడు. ప్రతి వారం సామాన్ల కోసం బజారుకి వెళ్ళే బాధ గురించి భార్యతో మాట్లాడుతూ నడుస్తున్నప్పుడు ఈ ఆలోచన వచ్చిందట. ఇంటర్నెట్టు జనంలోకి రాకముందు మాట ఇది.

1984 మే నెలలో ఇంగ్లండులోని గేట్స్‌హెడ్ పట్టణంలో 72 ఏళ్ళ జేన్ స్నోబాల్ అనే ఆవిడ తన ఇంట్లో కుర్చీలో కూర్చుని, టీవీ రిమోటుతో టెస్కో దుకాణానికి ఆర్డరిచ్చింది. వెన్నలాంటి మార్జరిన్, కార్న్‌ఫ్లేక్స్, కోడిగుడ్లు తెప్పించుకుంది. నడవలేని వృద్ధుల కోసం అక్కడి కౌన్సిల్ నడిపిన పథకం అది. ఇంటి నుంచి ఇట్లా సరుకులు తెప్పించుకున్నవాళ్ళలో మొదటి మనిషిగా ఆవిడ పేరు చెబుతారు. ఆ మొదటి మనిషి ఒక పెద్ద వయసు ఆడమనిషి కావడం మనం సంతోషంగా చెప్పుకోవచ్చు.

ఆల్డ్రిచ్ చేసిన దాంట్లో టీవీ కంటే ముఖ్యమైనది అవతలి కొసన ఉంది. టీవీ మీద బొమ్మలు చూపించేవాళ్ళు అప్పటికే ఉన్నారు. ఈయన దాన్ని ఆర్డరు ఎక్కించుకునే కంప్యూటరుకి కట్టాడు.

సికింద్రాబాదులో మొదలైన ఉమ్మడి రిజిస్టరు

ఈ విషయం మొత్తం ఒక్క ఉదాహరణతో అర్థం కావాలంటే రైలు టికెట్టు చాలు.

పూర్వం రిజర్వేషను కౌంటర్లో పెద్ద పెద్ద రిజిస్టర్లు ఉండేవి. ఏ రైలుకి ఏ రిజిస్టరో ఆ కౌంటరుకే పోయి నిలబడాలి. 1980లలో ఢిల్లీతో మొదలుపెట్టి కంప్యూటరు రిజర్వేషను వచ్చింది. అయినా ఒక్కో పెద్ద కేంద్రానిది ఒక్కో లెక్క. ఇక్కణ్ణుంచి ఢిల్లీ వెళ్ళడానికి టికెట్టు ఇవ్వగలరు గానీ అక్కణ్ణుంచి తిరుగు టికెట్టు ఇవ్వాలంటే తంటా. అప్పుడు రైల్వే వాళ్ళ సొంత సాఫ్ట్‌వేరు సంస్థ క్రిస్, దేశమంతా ఒకే లెక్కగా పనిచేసే కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేరు రాసింది. దాన్ని మొదట పెట్టింది మన సికింద్రాబాదులోనే, 1994 సెప్టెంబరులో. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు ఐదూ కలిసిపోయాయి. ఏ ఊరి కౌంటరులోనైనా ఏ రైలుకైనా టికెట్టు దొరకడం అప్పటినుంచే.

2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్టులో టికెట్లు అమ్మడం మొదలుపెట్టింది. మొదట్లో టికెట్టు కొరియర్‌లో ఇంటికి వచ్చేది. మనమే ప్రింటు తీసుకునే ఈ-టికెట్టు 2005లో వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది ఏమంటే, ఐఆర్‌సీటీసీ తన దగ్గర బెర్తుల రిజిస్టరు విడిగా పెట్టుకోలేదు. ఎవరైనా సీటు అడిగితే అది లోపలికి వెళ్ళి ఆ పాత ఉమ్మడి రిజిస్టరునే అడుగుతుంది. కౌంటరు గుమాస్తా అడిగేదీ దాన్నే. అందుకే కౌంటరులో ఇచ్చేసిన బెర్తుని ఆన్‌లైన్‌లో ఇంకొకరికి ఖాయం చేయడం జరగదు. కిటికీలు ఎన్నయినా పెట్టుకోవచ్చు, రిజిస్టరు మాత్రం ఒక్కటే ఉండాలి.

1999లో రెండు దెబ్బలు

ఈ సూత్రం పట్టించుకోకపోతే ఎంత పెద్ద కంపెనీకైనా దెబ్బే.

1999 క్రిస్మస్‌కి అమెరికాలో ఆన్‌లైన్ షాపుల మోజు బాగా ఉంది. బొమ్మలు, పాటల సీడీలు, బట్టలు అమ్మేవాళ్ళు పండగలోపు చేరుస్తామని చెప్పి ఆర్డర్లు తీసుకుంటూనే పోయారు. పంపలేని పరిస్థితి వచ్చాక కూడా కొందరు అదే మాట చెబుతూ వచ్చారు, ఆలస్యమని కొన్నవాళ్ళకి సరిగా చెప్పలేదు. పండగ రోజు పిల్లల చేతికి బొమ్మ రాలేదు. 2000 జులైలో అక్కడి ప్రభుత్వ వాణిజ్య సంస్థ ఎఫ్‌టీసీ ఏడు కంపెనీల దగ్గర మొత్తం 15 లక్షల డాలర్లు జరిమానా కట్టించుకుంది. ముందు కిటికీలో చెప్పే మాటకీ వెనక గోడౌనులో జరిగేదానికీ పొంతన లేకపోతే నష్టం డబ్బుతో ఆగదు, మాట కూడా పోతుంది.

అదే ఏడాది ఇంకో ముచ్చట. హెర్షీ అనే చాక్లెట్ల కంపెనీ 11 కోట్ల 20 లక్షల డాలర్లు పెట్టి ఆర్డర్లు, గోడౌను, లెక్కలు అన్నీ కలిపే కొత్త సాఫ్ట్‌వేర్లు కొన్నది. మూడు వేరే వేరే కంపెనీల సాఫ్ట్‌వేర్లని కలిపి, ఒకేసారి, అదీ పండగ ఆర్డర్లు వచ్చే జులైలో మొదలుపెట్టింది. హాలోవీన్ పండగకి దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు సమయానికి పంపలేకపోయింది. చాక్లెట్లు లేకనా? కాదు. పండగ రద్దీకి దొరికిన గదుల్లో సరుకు పేర్చుకోవడం వాళ్ళకి పాత అలవాటు. పాత పద్ధతిలో అది మనుషులకి తెలుసు. కొత్త కంప్యూటరుకి ఆ గదుల సంగతి ఎవరూ చెప్పలేదు. సరుకు ఉంది, లెక్కలో లేదు.

మనకి కూడా పండగ ముందు సీసాలు ఒక అక్క ఇంటి అటక మీద, ఇంకో చెల్లి వసారాలో ఉంటాయి. ఆ కంపెనీ కథ మన కథకి దూరమేమీ కాదు.

చలానా ఇచ్చే కౌంటరు లాంటిది

2000 నుంచి కొత్త పద్ధతి బలపడింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో సేల్స్‌ఫోర్స్, నవంబరులో ఈబే తమ సాఫ్ట్‌వేర్లకి బయటివాళ్ళ సాఫ్ట్‌వేర్లు వచ్చి అడిగే దారులు తెరిచాయి. ఈ దారిని ఏపీఐ అంటారు. బ్యాంకులో మనం లాకరు గదిలోకి పోము కదా. కౌంటరు దగ్గర ఖాయమైన చలానా నింపి ఇస్తాం, వాళ్ళు దానికి తగిన రసీదు ఇస్తారు. ఏపీఐ కూడా అంతే. షాపు సాఫ్ట్‌వేరు "ఈ నెంబరు సీసాలు ఎన్ని ఉన్నాయి" అని అడిగితే స్టాకు సాఫ్ట్‌వేరు అంకె చెబుతుంది. మొత్తం పుస్తకం చేతికివ్వదు. ఎవరు ఏం అడగొచ్చో మనం ముందే ఖాయం చేయొచ్చు.

మన దేశంలో ఈ దారులు త్వరగా పెరిగాయి. 2007లో బెంగళూరులో ఫ్లిప్‌కార్ట్ పుస్తకాలతో మొదలైంది. 2016లో యూపీఐ వచ్చి ఏ బ్యాంకు వాళ్ళైనా ఏ యాప్‌తోనైనా డబ్బు పంపే వీలు కలిగింది. అదే ఏడాది ఆగస్టులో ప్రభుత్వ ఆఫీసుల కొనుగోళ్ళకి జెమ్ పోర్టల్ వచ్చింది. 2019లో అందులో మహిళల సరుకుల కోసం వుమనియా అనే విభాగం పెట్టారు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక బిల్లుల లెక్క ప్రభుత్వ కంప్యూటరుతో ముడిపడింది. 2021 చివరలో ఓఎన్‌డీసీ అనే సంస్థను రిజిస్టరు చేశారు. ఇందులో కొనేవాళ్ళ యాప్ ఒకటి, అమ్మేవాళ్ళ యాప్ ఇంకోటి అయినా ఒకే నమూనాలో మాట్లాడుకుంటాయి. 2022 ఏప్రిల్‌లో ఐదు నగరాల్లో దీన్ని పరీక్షగా మొదలుపెట్టారు. సంఘాల సరుకుల కోసం కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఈ-సరస్ నడుపుతోంది. అంటే మనకిప్పుడు కిటికీలకి కరువు లేదు. కరువల్లా వాటి వెనక ఉండాల్సిన ఒక్క రిజిస్టరుకే.

మన దగ్గరికి వస్తే

మన ఉత్పత్తులు ఇప్పుడు సమాఖ్య కౌంటరులో, మేళాల్లో, ఫోను ఆర్డర్ల మీద, ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. కిందటి సంక్రాంతి ముందు మేళాలో కందిపొడి పూర్తిగా అమ్ముడైపోయింది. అదే సమయంలో ఆన్‌లైన్ షాపు ఇంకా స్టాకు ఉందని చూపిస్తూ ఆర్డర్లు తీసుకుంది. నాలుగు గ్రామ సంఘాల చెల్లెళ్ళు పండగ పనులు పక్కనపెట్టి రెండు రాత్రులు కంది వేయించి, పొడి కొట్టి పంపారు. ఆర్డర్లు నిలబెట్టారు గానీ ఆ రెండు రాత్రుల కూలి ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

ఇంకోటి. అంతకుముందు మన షాపు నడిపిన ఒక ఏజెన్సీతో ఒప్పందం అయిపోయాక, మూడేళ్ళుగా మన దగ్గర కొన్నవాళ్ళ జాబితా, నెలవారీ అమ్మకాల వివరాలు ఇమ్మని అడిగాం. అవి తమ సాఫ్ట్‌వేరులో ఉన్నాయి కాబట్టి తమవే అన్నారు. చివరికి కొన్ని పేజీల ఫొటోలు పంపారు. ఎక్కడెక్కడ ఏ పచ్చడి ఎక్కువ పోతుందో, ఎవరు మళ్ళీ మళ్ళీ కొంటున్నారో మనకి మిగల్లేదు. పచ్చడి మనది, కష్టం మనది, కొనేవాళ్ళతో ఏర్పడిన నమ్మకం మనది. దాని లెక్క మాత్రం వాళ్ళ దగ్గర ఉండిపోయింది. ఒప్పందం కాగితంలో ఆ మాట లేకపోవడంతో మనం గట్టిగా అడగలేకపోయాం.

ఏజెన్సీకి అప్పగించాలనే అక్కల మాటలో కూడా న్యాయం ఉంది. మనకి కంప్యూటరు మనుషులు తక్కువ. కలిపే సాఫ్ట్‌వేర్లకి నెలనెలా అద్దె కట్టాలి. పైగా రోజుకి నాలుగైదు ఆర్డర్లే వచ్చేచోట ఏ ముడీ అక్కర్లేదు, సాయంత్రం ఒకరు కూర్చుని రిజిస్టరులో రాసి, ఆన్‌లైన్‌లో అంకె మారిస్తే సరిపోతుంది. చేత్తో రాసేది చేతికి మించిపోయినప్పుడే మిషను కావాలి. మనకి పండగ నెలల్లో చేతికి మించుతోంది, మిగతా నెలల్లో లేదు. కాబట్టి పని బయటివాళ్ళకి ఇవ్వొచ్చు. లెక్క మీద హక్కు మాత్రం ఇవ్వకూడదు. ఈ చరిత్ర చదివాక నాకు తోచిన మాట ఇది. అందుకని మహాసభ ముందు ఈ ఐదు సంగతులు పెడుతున్నాను.

మొదటిది, ప్రతి ఉత్పత్తికీ, ప్రతి కొలతకీ ఒకే పేరు, ఒకే నెంబరు ఖాయం చేసి అన్ని గ్రామ సంఘాలకీ పట్టీ ఇవ్వాలి. కౌంటరులో, మేళాలో, ఆన్‌లైన్‌లో అదే పేరు వాడాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

రెండోది, స్టాకు రిజిస్టరు ఒక్కటే ఉండాలి, అది సమాఖ్య దగ్గర ఉండాలి. ఎవరి అటక మీద ఎన్ని సీసాలున్నాయో అందులో ఎక్కాలి. మేళాకి పంపే సరుకుని ముందే విడిగా తీసి రాసి, మిగిలింది మాత్రమే ఆన్‌లైన్‌లో చూపించాలి. అందులో కూడా కొంత చేతిలో ఉంచుకోవడం మేలు. తిరిగొచ్చిన పార్శిళ్ళకి నియమం కావాలి. గుడ్డ సంచీ తిరిగొస్తే చూసి స్టాకులో కలపొచ్చు. పచ్చడి సీసా తిరిగొస్తే కలపకూడదు. ఈ తేడా మనం చెప్పకపోతే సాఫ్ట్‌వేరు రెండింటినీ కలిపేస్తుంది.

మూడోది, డబ్బు లెక్క. ఆన్‌లైన్ పోర్టల్ మనకి అమ్మిన ధర మొత్తం వేయదు. కమీషను, పార్శిల్ ఖర్చు, జీఎస్టీ చట్టం కింద పట్టుకునే పన్ను తీసేసి వేస్తుంది. ఆ పన్ను 2018 అక్టోబరులో 1 శాతంతో మొదలై, 2024 జులై నుంచి అర శాతం అయింది. బ్యాంకులో పడిన మొత్తాన్నే అమ్మకంగా రాసుకుంటే మన అమ్మకం తక్కువగా కనబడుతుంది, పోర్టల్ ఎంత తీసుకుందో ఎప్పటికీ తెలియదు. అమ్మిన ధర ఒక గడిలో, ఒక్కో కోత ఒక్కో గడిలో, చేతికొచ్చింది చివరి గడిలో రాయాలి. నెలకోసారి బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూడాలి.

నాలుగోది, ఏ ఏజెన్సీతో ఒప్పందం రాసుకున్నా ఒక షరతు ఉండాలి. ఆర్డర్లు, కొన్నవాళ్ళ వివరాలు, అమ్మకాల లెక్క సమాఖ్యవే. ప్రతి నెలా కంప్యూటరులో తెరిచి కూడుకోగలిగే పట్టీగా మనకి ఇవ్వాలి, ఫొటోలుగా కాదు. ఒప్పందం ముగిసిన రోజున అంతా అప్పగించాలి. కొన్నవాళ్ళ చిరునామాలు, ఫోను నెంబర్లు ఇంకెవరికీ ఇవ్వకూడదు. షాపు, పాస్‌వర్డులు సమాఖ్య పేరు మీదే ఉండాలి.

ఐదోది, కొత్త సాఫ్ట్‌వేరు ఏదైనా పండగ నెలలో మొదలుపెట్టొద్దు. ఉత్పత్తులన్నీ ఒకేసారి ఎక్కించకుండా ఒక్క పొడుల విభాగంతో, తీరిక నెలలో మొదలుపెట్టి, రెండు నెలలు పాత రిజిస్టరూ కొత్త లెక్కా పక్కపక్కన నడపాలి. రెండూ సరిపోయాకే పాతది ఆపాలి. ఈ రెండు నెలలు బుక్ కీపర్లకి పని రెట్టింపు అవుతుంది కాబట్టి దానికి తగ్గ గౌరవ వేతనం ఇదే తీర్మానంలో రాయాలి.

1992లో నాబార్డు దేశం మొత్తం మీద 500 సంఘాలతో బ్యాంకు లింకేజీని పరీక్షగా మొదలుపెట్టినప్పుడు, చదువురాని ఆడవాళ్ళు లెక్కలు ఏం చూస్తారని అనుమానించినవాళ్ళు ఉన్నారు. వారం వారం పుస్తకం తెరిచి, అందరి ముందూ చదివి, వేలిముద్రలు సంతకాలుగా మార్చుకుని ఆ అనుమానం తీర్చింది సంఘాలే. మన బలం అంతా ఆ పుస్తకం మన చేతిలో ఉండటంలోనే ఉంది. ఇప్పుడు ఆ పుస్తకం కంప్యూటరులోకి వెళ్తోంది, వెళ్ళాలి కూడా. తీర్మానం చర్చకి వచ్చినప్పుడు ప్రతి గ్రామ సంఘం ప్రతినిధీ తమ ఊళ్ళో ప్రస్తుతం ఉన్న సరుకు పట్టీ వెంట తెచ్చుకోవాలని కోరుతున్నాను. పేర్ల పట్టీ ఆ రోజే మొదలుపెట్టుకోవచ్చు.